పండగ లేని ఇళ్ళకు పండగ కబురు

మా అల్లుడు నొరిమిచి ఒళ్ళు పెద్దది, మాట చిన్నది. పుట్టింది ఎక్కడో జపాను ఉత్తరపు కొసన, ఏడాదిలో సగం మంచు కిందే ఉండే రుమొయి రేవులో. మా ఉరెషినోకి ఇల్లరికం వచ్చాడు. మాకున్నది ఒక్కతే ఆడపిల్ల, చిజురు. ఇంటిపేరు నిలవాలని మా ఆయన పట్టుబడితే, పెళ్ళినాడు నొరిమిచి తన ఇంటిపేరు వదిలి మా ఇవనగ పేరు రాయించుకున్నాడు. ఇంటిపేరు మార్చుకున్న మగవాణ్ణి మా ఊళ్ళో ఎవరూ పల్లెత్తు మాట అనరు. చూస్తారు, అంతే. వీడు ఈ ఇంటికి ఏం తెచ్చాడు, ఏం నిలబెట్టాడు అని చూస్తూనే ఉంటారు. నేనూ చూశాను. చూడక ఏం చేస్తాను, పిల్లని ఇచ్చుకున్నదాన్ని.

వచ్చిన కొత్తలో టీలో సలసల కాగే నీళ్ళు పోసేవాడు. మా ఆకు లేతది, ఆవిరి తగ్గిన నీళ్ళు పోస్తేనే తీపి దిగుతుంది. "అల్లుడూ, అది టీ ఆకు. పీత కాదు ఉడకబెట్టడానికి," అనేదాన్ని. నవ్వేవాడు. కోపం వచ్చినా నవ్వేవాడే. ఫోనులో మాట్లాడుతూ అవతలి మనిషికి వంగి వంగి దణ్ణాలు పెట్టేవాడు. అవతలివాళ్ళకి కనబడదయ్యా అంటే, "నాకు కనబడుతుంది కదా అత్తయ్యా," అనేవాడు.

మా టీ కొట్టు మా మామగారి తాత పెట్టింది. వేడినీళ్ళ ఊట దగ్గర నుంచి వంతెన వైపు వచ్చే వీధిలో మూడో గుమ్మం. ఒకప్పుడు ఊరంతా మా దగ్గరే కొనేది. ఇప్పుడు పిల్లలు టీని సీసాల్లో కొనుక్కుని చల్లగా తాగుతున్నారు. కొట్టుని బతికించింది చివరికి చచ్చిపోయినవాళ్ళే. ఒక ఇంట్లో చావు జరిగితే ధూపం డబ్బు పట్టుకుని పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ ఆ ఇంటివాళ్ళు తిరిగి ఏదో ఒకటి ఇవ్వాలి. పాత్రో గుడ్డో ఇస్తే చావు గుర్తు ఆ ఇంట్లో ఉండిపోతుంది. టీ అయితే తాగేస్తే అయిపోతుంది. అందుకే టీ ఇస్తారు.

ఆ బేరం కూడా పోయింది. పెద్దరోడ్డు మీద అంత్యక్రియల హాలు ఒకటి వెలిసింది. శవం పక్కన ఉండగానే రంగు రంగుల బొమ్మల పుస్తకం చూపించి కానుకలు వాళ్ళే సర్దిపెడతారు. మాకు మిగిలింది ఒకటీ అరా సంవత్సరీకాలు, ఆపైన తొలి బొన్. పోయినవాళ్ళు ఆగస్టులో ఇళ్ళకి వచ్చే పండగ బొన్. ఏడాదిలోపు చావు జరిగిన ఇంటికి అది తొలి బొన్. గుమ్మానికి తెల్ల లాంతరు కడతారు, ఊరంతా ఆ ఇంటికి వెళ్తుంది, వెళ్ళినవాళ్ళ చేతిలో టీ పొట్లం పెట్టి పంపుతారు. ఆ పొట్లాలు మాత్రం హాలు దగ్గర కొనరు, మా దగ్గరే. పొట్లం మీద కాగితం కూడా మా చేత చుట్టించరు. పోయినవాళ్ళ పేరు రాసిన కాగితం ఇంటివాళ్ళే కూర్చుని తమ చేతులతో చుట్టుకుంటారు. జులైలో వచ్చే ఆ ఆర్డర్లతోనే ఏడాది పొడుగునా నెట్టుకొచ్చేవాళ్ళం. అవీ ఆగిపోతే కొట్టు మూయడమే. జులై బేరం పోతే కొట్టు పోతుందని ఇంట్లో అందరికీ తెలుసు. మా ఆయన కన్నుమూసేముందు అల్లుడి చెయ్యి పట్టుకుని చెప్పింది అదే. కొట్టు తలుపు మూయనివ్వకు అని.

ఆయన పోయాక నొరిమిచికి నిద్ర తగ్గింది. ఎవరు ఏం చెప్పినా వినేవాడు, ఎక్కడ ఏం నేర్పుతామన్నా వెళ్ళేవాడు. అలాగే వర్తక సంఘం వాళ్ళు పెట్టిన తరగతికి వెళ్ళాడు. ఫుకువొకా నుంచి వచ్చిన అమ్మాయి నేర్పిందట. వచ్చి మా ఇద్దరినీ కూర్చోబెట్టి ఫోను తెరిచి చూపించాడు.

"చూడండత్తయ్యా. మన దగ్గర కొన్నవాళ్ళందరూ ఇందులో ఉన్నారు. ఇవిగో రంగు పెట్టెలు. 'ఏం కొన్నారు' ఒకటి, 'ఎప్పుడు కొన్నారు' ఒకటి, 'ఎంత కొన్నారు' ఒకటి. వేలితో లాగి ఒకదాని కింద ఒకటి వదిలితే చాలు, ఆ రకం మనుషులు మాత్రమే మిగులుతారు. వాళ్ళకి తగ్గ కబురు వాళ్ళకే పంపొచ్చు. కంప్యూటరు భాష ఒక్క ముక్క రానక్కర్లేదు."

"నీకు మనుషుల భాషే సరిగ్గా రాదు, దానికంటే ఇది నయమే," అన్నాను.

"అమ్మా!" అంది చిజురు.

"అనలేదే ఏమీ. జల్లెడ పట్టడం మనకి కొత్తా? ఆకుని పడతాం, ఈయన మనుషుల్ని పడతాడట."

"అదేనత్తయ్యా, జల్లెడే!" అని పొంగిపోయాడు వెర్రిబాగులవాడు. తిట్టానో పొగిడానో కూడా చూసుకోలేదు.

నిజం చెప్పాలి, మొదట్లో పని చేసింది. కాడల టీ కొని చాలాకాలంగా మళ్ళీ రానివాళ్ళని ఒక పెట్టెలో పోసి, "కొత్త కాడలు వేయించాం, వాసన వీధి దాటుతోంది," అని కబురు పంపితే మర్నాడు ముగ్గురు ముసలమ్మలు కర్రలు తాటించుకుంటూ వచ్చారు. మనవలున్న ఇళ్ళని వేరు చేసి బార్లీ టీ సంగతి పంపాడు. అదీ కదిలింది. ప్రతి గుంపుకీ ఒక పేరు పెట్టేవాడు. 'కాడల ప్రియులు', 'మనవల ఇళ్ళు'. రాత్రుళ్ళు మంచం మీద ఆ పెట్టెలే లాగుతూ ఉంటాడని చిజురు విసుక్కునేది. నాకు మాత్రం లోపల కాస్త ధైర్యం వచ్చింది. ఇల్లరికపు అల్లుడు ఏదో ఒకటి నిలబెడతాడేమో అనుకున్నాను.

మా ఆయన పోయి ఏడాది దాటి మా ఇంటి మైల తీరింది. డిసెంబరు చివర్లో కొత్త సంవత్సరపు కబురు తయారు చేశాడు. ఊళ్ళో అందరికీ ఒకే మాట పంపితే విలువేముంది, పోయిన వేసవిలో మన దగ్గర అందరికంటే ఎక్కువ కొన్నవాళ్ళకి ప్రత్యేకంగా పంపుదాం అన్నాడు. మైల ఉన్న ఇంటికి కొత్త సంవత్సరపు శుభాకాంక్షలు చెప్పకూడదని తెలియనివాడు కాదు. రుమొయిలోనూ ఏడాది మైల ఉంది. అందుకని నలుపూ తెలుపూ ముడి ఉన్న చావు కాగితం మా చేత చుట్టించుకున్న ఇళ్ళన్నిటినీ తీసేసే పెట్టె ఒకటి అడుగున పెట్టాడు. పెట్టి నాకు చూపించాడు కూడా. కింద ఒక అంకె మెరిసింది. పేర్లు లేవు.

"పేర్లేవి?" అంది చిజురు.

"పేర్లు ఇందులో కనబడవు. తలలు లెక్కపెట్టి చెప్తుంది, అంతే. పేర్లతో పనేముంది, లెక్కే కదా కావలసింది."

కబురు చదివి వినిపించాడు. కొత్త సంవత్సరపు శుభాకాంక్షలు. పోయిన వేసవిలో మీ ఇంటి వేడుకలో మా టీకి చోటిచ్చినందుకు కృతజ్ఞతలు. అలాంటి వేసవి ఈ ఏడూ మీ ఇంట మళ్ళీ రావాలని మనసారా కోరుకుంటున్నాం. పక్కన ప్లమ్ పూల కొమ్మ బొమ్మ. బాగుంది అన్నాం. బాగానే ఉంది మరి.

ఒకటో తారీఖు తెల్లవారగానే దానంతటదే వెళ్ళేలా పెట్టాడు.

ఆ పొద్దున మోచీ అనే బియ్యపు ముద్దల పులుసు ముందు కూర్చున్నాం. గుమ్మానికి ఇరువైపులా ఏడో తారీఖు దాకా ఉంచే పైన్ కొమ్మలు, పైన గడ్డితాడు, అన్నీ పద్ధతి ప్రకారం. అతని ఫోను ఒకసారి కూసింది. నవ్వుతూ తీశాడు. నవ్వు అలాగే ఉండిపోయింది, కళ్ళు మాత్రం మారిపోయాయి. తినే పుల్లల మధ్య నుంచి మోచీ జారి గిన్నెలో పడింది. చిజురు ఫోను లాక్కుని పైకి చదివింది.

"అలాంటి వేసవి మళ్ళీ రావాలా? ఈసారి మా ఇంట్లో ఎవరిని పొమ్మంటారు?"

పంపింది కొండవాలు మీద వేడినీళ్ళ సత్రం నడిపే మినె ఇత్సుయొ. ఊరి ఆడవాళ్ళ సంఘానికి పెద్ద. మార్చిలో ఆవిడ ఒక్కగానొక్క కొడుకు పోయాడు.

"మినె వాళ్ళకి ఎలా వెళ్ళిందండీ? వాళ్ళబ్బాయి పోయి ఏడాది కూడా కాలేదు!"

"నల్లముడి కాగితాలవాళ్ళందర్నీ తీసేశాను చిజురూ. ఒట్టు. ఇదిగో పెట్టె, చూడు."

"నల్లముడి కాగితం మన దగ్గర ఎవరు చుట్టిస్తున్నారండీ ఇప్పుడు? ఆ రోజు కానుకలు హాలు వాళ్ళే ఇచ్చేస్తున్నారు. మన దగ్గర వాళ్ళు కొన్నది తొలి బొన్‌కి!"

"తొలి బొన్ అని ఇందులో ఎక్కడుంది? పరిచయస్థులకి పంచుకునే 'వేసవి కానుక' అని ఉంది. ఎక్కించింది నువ్వే."

"అందులో ఉన్నవే అవి! వేసవి కానుక, ఏడాది చివరి కానుక, మామూలు. ఇంకేం పెట్టను? జులైలో అన్నేసి పొట్లాలు ఒక్క ఇంటివాళ్ళు కొంటే ఎందుకో ఎవరికి తెలియదు?"

"నాకు తెలియలేదు," అన్నాడు.

మా చిజురుకి తెలుసు. ఫోనులో ఆర్డరు తీసుకున్నప్పుడల్లా అయ్యో అనుకుని కళ్ళు తుడుచుకున్న పిల్లే. చెప్పాలని తోచలేదు, ఊళ్ళో చంటిపిల్లకి కూడా తెలిసిన సంగతి కదా. రుమొయిలో బొన్‌కి టీ ఇవ్వరు; మా ఆయన తొలి బొన్‌కి మా ఇంట్లో టీ ఇచ్చినప్పుడు, టీ కొట్టువాళ్ళం కాబట్టి ఇచ్చామనుకున్నాడట. మా ఆయన ఉన్నన్నాళ్ళూ జులై ఆర్డర్లన్నీ ఆయనే చూసుకునేవాడు, అల్లుడు హోటళ్ళకి సరుకు వేసి వచ్చేవాడు. పోయిన వేసవిలో ఎక్కువ కొన్నవాళ్ళు ఎవరని జల్లెడ పడితే, పోయిన వేసవిలో ఎక్కువ ఏడ్చినవాళ్ళు మిగిలారు. ఏరి ఏరి వాళ్ళకే పంపాడు.

వెనక్కి తీసుకుందామని చూశాడు. వెళ్ళినది వెళ్ళిపోయింది, రాదట. మా కొట్టు కబుర్లు ఇక వద్దని తలుపు వేసుకున్నవాళ్ళ లెక్క కూడా ఆ ఫోను చూపిస్తుంది. గోడకి ఆనుకుని కూర్చుని అది చూస్తూ ఉన్నాడు. ఒకటి పెరిగేది. కాసేపటికి ఇంకొకటి. ఎవరో చెప్పదు. ఎవరూ ఫోను చేయరు, ఎవరూ తిట్టరు. ఊరికే ఒక తలుపు మూసుకునేది.

లేచి కోటు తొడుక్కున్నాడు.

"ఎక్కడికి?" అన్నాను.

"ఇంటింటికీ వెళ్తానత్తయ్యా. గుమ్మంలో తల ఆనించి అడుగుతాను."

"కూర్చో. మన గుమ్మానికి పైన్ కొమ్మలున్నాయి. పండగ ఇంటి మనిషివి, ఏడో తారీఖు దాటకుండా మైల గుమ్మం తొక్కుతావా? పుండు మీద కారం చల్లింది చాలక కాలితో రుద్దుతావా?"

"ఏడో తారీఖు దాకానా? అంతదాకా వాళ్ళు నేను కావాలని చేశాననుకుంటారు."

"అనుకోవలసింది ఎప్పుడో అనుకున్నారు."

బయటికి వెళ్ళాడు. ఏదో విరుగుతున్న చప్పుడైంది. వెళ్ళి చూద్దును కదా, పైన్ కొమ్మలు రెండూ పీకి పారేసి, ముక్కాలి పీట ఎక్కి గడ్డితాడు తెంపుతున్నాడు. పైన్ ఆకులు గుచ్చుకుని చేతులు ఎర్రగా ఉన్నాయి.

"ఏం పని ఇది? మతి పోయిందా నీకు?"

"వాళ్ళకి పండగ లేదు. మనకీ లేదు. ఇక ఇది పండగ ఇల్లు కాదు, నేను వెళ్ళొచ్చు."

"ఒకటో తారీఖున గుమ్మం బోసిగా ఉంటే ఊరు ఏమనుకుంటుందయ్యా?"

అప్పటికే అనుకుంది. ఎదురుగుండా టోఫు చేసే కొగా తాత తలుపు సందులోంచి చూసి, ఇంట్లోకి పోయి నల్ల టై కట్టుకుని వచ్చాడు. నేను గుమ్మంలోకి రాగానే దిగాలుగా పెట్టిన మొహం ఒక్కసారి తెల్లబోయింది.

"వదినా! నువ్వు ఉన్నావా!"

"లేకేం, ఎక్కడికి పోతాను?"

"పైన్ కొమ్మలు తీసేస్తుంటే చూసి, నువ్వే పోయావనుకున్నాను."

"నీ నోట్లో మట్టి పడ! నేను చస్తే నీకు చెప్పకుండా చస్తానా? నీ టోఫు బాకీ ఉంది, దానికోసమైనా పిలిచి చెప్తాను."

"మరి ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు. టై విప్పు, ఇంటికి పో."

టై విప్పాడు గాని ఇంటికి పోలేదు. వంతెన దాకా పోయాడు. మధ్యాహ్నానికి ఇవనగ వాళ్ళింట్లో ఎవరో పోయారని ఊరంతా పాకింది. అప్పుడు వచ్చింది మినె ఇత్సుయొ.

నిలువునా నల్ల కిమోనో, చేతికి జపమాల. పండగ ఇంటివాళ్ళు ఆ రోజు చావింటికి వెళ్ళరు. మైలలో ఉన్న మనిషికి మైలింటికి వెళ్ళడానికి అడ్డేముంది? ఊరి ఆడవాళ్ళకి పెద్ద కాబట్టి వచ్చింది. ఆ కబురు చదివిన కళ్ళతోనే వచ్చింది.

"ఎవరమ్మా?" అంది గుమ్మంలో నిలబడి.

నా నోరు ఎప్పుడూ మూతపడదని ఊళ్ళో పేరు. ఆ పూట మూతపడింది. చిజురు తల వంచుకుని, "ఎవరూ పోలేదండీ అమ్మగారూ," అంది.

నొరిమిచి లోపలి నుంచి వచ్చి కొట్టు మట్టి నేల మీద మోకాళ్ళ మీద పడి, నుదురు నేలకి ఆనించాడు. అంత పెద్ద ఒళ్ళు మూటలా అయిపోయింది.

"తప్పైపోయింది. క్షమించమని అడగడానికి కూడా ముఖం లేదు."

ఆవిడ అతని వైపు చూడలేదు. గుమ్మం పక్కన పడి ఉన్న పైన్ కొమ్మల్ని చూసింది.

"అవి ఎందుకు తీశావు?"

"మీ ఇళ్ళల్లో పండగ లేనప్పుడు మా ఇంట్లో ఉండకూడదని."

"చావు లేని ఇంటికి చావు వేషం వేస్తే, చావు ఉన్న ఇల్లు తేలిక పడుతుందా నాయనా?"

అతని నుదురు మళ్ళీ నేలకి ఆనింది.

"లే. అది చూపించు. నేను ఎందులో ఉన్నానో చూస్తాను."

లేచి ఫోను తెరిచాడు. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని వంగింది. రంగు పెట్టెలు, కింద అంకె.

"మా పేరు ఏది?"

"ఇందులో కనబడదండీ. ఎంతమందో చెప్తుంది, అంతే."

"ఈ గుంపుకి ఏదో పేరు పెట్టావే. అదేనా పైన రాసి ఉంది? నాకు కళ్ళు ఆనడం లేదు. చదువు."

నొరిమిచి ఫోను తన వైపు తిప్పుకున్నాడు. ఆ పేరు నాకు ముందు తెలియదు. చిజురుకీ తెలియదు.

"చదువు," అంది మళ్ళీ.

"వేసవిని వేడుక చేసుకున్న ఇళ్ళు," అన్నాడు.

ఆవిడ కళ్ళద్దాలు తీసి కిమోనో చేతికొసతో తుడుచుకుంది. తుడిచి చాలాసేపు పెట్టుకోలేదు.

"వీళ్ళల్లో మా లాంటివాళ్ళు ఎవరెవరో తెలుసా నీకు?"

"తెలియదండీ. అన్నీ వేసవి కానుక అనే ఉన్నాయి. ఎవరిది ఏదో విడదీయలేను. ఇంటింటికీ వెళ్ళి మీ ఇంట్లో ఎవరైనా పోయారా అని అడగాలి."

"అడుగుతావా కొంపదీసి! అదొక్కటే తక్కువ." అరుగు మీద కూర్చుంది. "రాసుకో. ఇందులోంచి తీసెయ్. నా కళ్ళముందు తీసెయ్. వంతెన అవతల తొకునాగా వాళ్ళు. తల్లి. మే నెల."

ఆ గుంపులో పేర్లు కనబడకపోయినా, పేరు కొడితే కొన్నవాళ్ళ చిట్టా వేరే తెరుచుకుంటుంది. అతను అందులో వెతికి, దొరకబుచ్చుకుని, తీశాడు.

"తీశానండీ."

"పోస్టాఫీసు వెనక షిరహామా. ఆయనే పోయాడు. ఇల్లాలు ఒక్కతే ఉంది. పొట్లాలకి కాగితాలు చుట్టడానికి మనిషి లేక మేం వెళ్ళి చుట్టాం."

"తీశాను."

"కుండలు కాల్చే బట్టీ దగ్గర నోదా. కోడలు. కడుపుతో ఉండగా." ఆగింది. "వాళ్ళకీ వెళ్ళిందా?"

వెతికాడు. తలూపాడు. మా చిజురు లోపలికి పరుగెత్తింది.

అలా చెప్తూ పోయింది. ఆవిడ వెళ్ళని చావు ఈ ఊళ్ళో లేదు. ఒక్కొక్క ఇల్లూ, ఒక్కొక్క మనిషీ, ఎవరు ఎవరికి ఏమవుతారో. అతను ఒక్కొక్కటే తీశాడు. తీసినప్పుడల్లా కింది అంకె తగ్గేది. చివరికి చిట్టాతో సరిపోల్చి చూస్తే అందులో మిగిలినవాళ్ళు ఒక పళ్ళ కొట్టువాడు, ఇద్దరు డాక్టర్లు, ఇంకెవరో. వేసవి కానుకలు నిజంగా పంచుకున్నవాళ్ళు వాళ్ళే.

"మినె," అంది ఆఖరున. "కొడుకు. మార్చి. పేరు షుహెయి."

"తీశానండీ," అన్నాడు.

ఆవిడ లేచింది. గడప దగ్గర నొరిమిచి ఇంకోసారి వంగి, అడగకూడని మాట అడిగాడు. మునిగేవాడు గడ్డిపోచ పట్టుకోకుండా ఉంటాడా?

"అమ్మగారూ, మార్చిలో బాబుగారి సంవత్సరీకానికి, మా టీ..."

"హాలు వాళ్ళకి చెప్పేశాను, ఇవాళ పొద్దున్నే," అంది. "ఏడో తారీఖు దాటాక మిగతా ఇళ్ళకి వెళ్ళు. మా ఇంటికి రావద్దు."

పండగ రోజులు దాటాక వెళ్ళాడు. నల్ల కోటు వేసుకుని, కానుక పెట్టె పుచ్చుకోకుండా, ఉత్త చేతులతో. కానుక పట్టుకెళ్తే కొనుక్కోవడానికి వచ్చాడంటారని. కొందరు తలుపు తీశారు. షిరహామా ఇల్లాలు లోపలికి రమ్మని మంచినీళ్ళిచ్చింది, దానికి ఇంటికొచ్చి ఏడ్చాడు. నోదా వాళ్ళు తలుపు తీయలేదు. అవతల మంచు పడుతుంటే సాయంత్రం దాకా అక్కడే నిలబడ్డాడని కొగా తాత వచ్చి చెప్పాడు. నేనే వెళ్ళి లాక్కొచ్చాను.

"నువ్వు అక్కడ నిలబడితే వాళ్ళు బయటికి కూడా రాలేరు. నీ బాధ తీర్చుకోవడానికి వాళ్ళ గుమ్మం వాడుకోకు," అన్నాను. కటువుగానే అన్నాను. ఇంకెలా అంటే లేస్తాడు?

ఆ ఇళ్ళ కోపం ఎప్పటికో తగ్గేదేమో. తగ్గనిది ఇంకొకటి పుట్టింది. ఎవరి నోట పుట్టిందో గాని, ఇవనగ వాళ్ళ టీ ఇస్తే ఆ ఇంట్లో మళ్ళీ చావు వస్తుందట అన్న మాట వసంతానికల్లా ఊరు దాటింది. ఇంకో వేసవి అలాంటిదే రావాలని దీవించారు కదా మేము! దీవెన తగులుతుందన్నారు. టీలో ఏ దోషమూ లేదు. ఆ ఏడు ఆకు ఎంత బాగా వచ్చిందో, వేయిస్తుంటే నాకే నోరూరింది. దోషం లేదని ఎవరికి చెప్పి నమ్మిస్తాం?

సంవత్సరీకాల ఆర్డరు ఒక్కటీ రాలేదు. జులై వచ్చింది. తొలి బొన్‌కి పొట్లాలు సిద్ధం చేసి గోడ వారన పేర్చాం. చిజురు ఫోను పక్కనే అన్నం తినేది. నొరిమిచి కొట్టు గుమ్మంలో నిలబడి వీధి చివరిదాకా చూసేవాడు. తెలిసినవాళ్ళు కనబడితే వంగి దణ్ణం పెట్టేవాడు. వాళ్ళూ వంగేవాళ్ళు. వంగి, ఎదుటి వరసలోకి దాటి నడిచేవాళ్ళు. షిరహామా ఇల్లాలు ఒకటి కొంది, తన ఇంట్లో తాగడానికి. ఊళ్ళో చావులు ఆ ఏడూ తక్కువేం కాదు. హాలు బండ్లు మా కొట్టు ముందునుంచే పొట్లాలు వేసుకుని తిరిగాయి.

"అత్తయ్యా, మావయ్యగారికి మాటిచ్చాను," అన్నాడు ఒక సాయంత్రం.

"ఆయనకి నేను చెప్పుకుంటాలే," అన్నాను.

బొన్ కాగానే మూసేద్దామనుకున్నాం. ఇంతకాలం కొన్నవాళ్ళకి చెప్పకుండా తలుపు మూయడం మర్యాద కాదని కబురు రాశాడు. ఈసారి పెట్టెలు లాగలేదు, అందరికీ ఒకటే. పంపి చూసుకుంటే, చెప్పవలసినవాళ్ళకి అది వెళ్ళదు. వాళ్ళు తలుపు వేసుకుని ఏడు నెలలు దాటింది. ఆ ఇళ్ళకి కాగితం మీద రాసి, ఎండలో చెమటలు కక్కుకుంటూ తిరిగి ఒక్కొక్కరికీ ఇచ్చి వచ్చాడు. ఒక్క కాగితం మిగిలింది. రావద్దన్న గుమ్మానికి వెళ్ళే మనిషి కాదు.

నేను వెళ్ళాను. ఇంటి గొడవలకి ఎవరి గడపా తొక్కనిదాన్ని, కొండవాలు ఎక్కాను. మినె ఇత్సుయొ సత్రం ముందు నీళ్ళు చల్లుతోంది. కాగితం తీసుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, రెండుసార్లు చదివింది.

"మూసేస్తున్నారా?"

"మూసేస్తున్నాం."

"మీ అల్లుడు ఏం చేస్తాడు ఇక?"

"హాలు వాళ్ళు రమ్మన్నారు. ఫోనులో ఆ రంగు పెట్టెలు లాగడం వచ్చిన మనిషి కావాలట."

చెంబు కింద పెట్టింది.

"వెళ్తున్నాడా?"

"తిండి తినాలిగా."

ఊళ్ళోకి దిగే రోడ్డు వైపు చూసింది.

"అయితే హాలు వాళ్ళ దగ్గరున్న మా వాడి పేరు మళ్ళీ ఆయన చేతికే వెళ్తుంది," అంది.

నేను తలవంచి, ఆవిడ తలవంచాక, వెనక్కి తిరిగాను. దిగడం ఎక్కడం కంటే కష్టమైంది, మోకాళ్ళకి.